రెండో డోసు తేదీ క్యాలెండర్‌లో రాసుకున్నారా?

ప్రశ్న: మాది విశాఖలో గాజువాక. పాపకి 5 ఏళ్ల 4 నెలలు, బాబుకి 14 నెలలు. పాపకి పడిశం పట్టిందంటే చాలు, పిల్లికూతలు మొదలవుతాయి. మొన్న చలికాలంలో రెండుసార్లు నెబులైజర్ పెట్టించాం. పోయిన సెప్టెంబర్‌లో డాక్టర్‌గారు దానికి ఫ్లూ టీకా వేశారు. ఆ రాత్రే జ్వరం వచ్చింది. నెల తర్వాత రెండోది వేయించమన్నారు గానీ భయపడి వెళ్లలేదు. ఇప్పుడు ఇద్దరికీ వేయించమంటున్నారు. ‘అంగన్‌వాడీలో వేయనిది మనకెందుకు’ అని మా అత్తగారు. బాబు కార్డులో చూస్తే ఇన్‌ఫ్లుయెంజా టీకా మూడుసార్లు వేసినట్టే ఉంది, మళ్లీ ఎందుకు? వాడికి గుడ్డు పెడితే మూతి చుట్టూ దద్దుర్లు వచ్చాయి. పైగా ఎప్పుడు చూసినా ముక్కు కారుతూనే ఉంటుంది. కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపులో కాస్త తక్కువకి ఇస్తారట, మావారు తెచ్చేస్తానంటున్నారు. మా తోటికోడలికి అయిదో నెల, ఆవిడ వేయించుకోవచ్చా? స్నానం చేయించవచ్చా లేదా అన్నది కూడా చెప్పండి.

జవాబు: ముందు ఆ కార్డు సంగతి చూద్దాం. మీలాగే చాలామంది అక్కడే బోల్తా పడుతున్నారు.

బాబుకి 6, 10, 14 వారాలకి వేసినది పెంటావాలెంట్ టీకా. అందులో అయిదు జబ్బులకి మందు ఉంటుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, అయిదోది హిబ్. ఈ హిబ్ పూర్తి పేరు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి. పేరులో ఇన్‌ఫ్లుయెంజా ఉన్నా అది ఫ్లూ కాదు. అదొక బ్యాక్టీరియా. చిన్నపిల్లల్లో మెదడుపొరల వాపు, న్యుమోనియా తెస్తుంది. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల గొంతుల్లో ఈ క్రిమిని చూసి, ఫ్లూకి కారణం ఇదే అనుకున్నాడు. అసలు కారణమైన వైరస్ 1933లో గానీ పట్టుబడలేదు. ఈలోగా పేరు స్థిరపడిపోయింది. అప్పటి పొరపాటు ఇప్పుడు మీ బాబు కార్డు దాకా వచ్చింది. కాబట్టి ఆ మూడు టిక్కులూ హిబ్‌వి. ఫ్లూ టీకా వాడికి ఒక్కటీ పడలేదు.

మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. ఫ్లూ టీకా ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో లేదు. అందుకే టీకాలు వేసే ఏఎన్‌ఎం మీకు దాని గురించి చెప్పలేదు. అయితే పట్టికలో లేదంటే పనికిరాదని అర్థం కాదు. దేశమంతటా కోట్లమంది పిల్లలకి ఏటేటా ఉచితంగా వేయడం చాలా ఖర్చుతో కూడిన పని, ఆ లెక్కలు వేరు. పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాత్రం 6 నెలలు నిండినప్పటి నుంచి అయిదేళ్ల దాకా పిల్లలందరికీ ఏటా వేయించమంటోంది. ఆ వయసులో ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగి ఆస్పత్రిలో చేర్చాల్సి రావడం ఎక్కువ. రెండేళ్ల లోపు పిల్లలకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

అయిదేళ్లు దాటాక? ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి తల్లిదండ్రుల ఇష్టం, డాక్టర్ సలహా. కానీ ఉబ్బసం, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లకీ అయిదేళ్ల తర్వాత కూడా ఏటా వేయించాలి. మీ పాప ఈ జాబితాలోకే వస్తుంది. ఒక్క చలికాలంలో రెండుసార్లు నెబులైజర్ దాకా వెళ్లిన పిల్లకి ఫ్లూ వస్తే అది మామూలు జ్వరంతో పోదు, ఆయాసం దాకా తీసుకెళ్తుంది. పాప రోజూ ఇన్‌హేలర్ వాడుతున్నా ఈ టీకా వేయించవచ్చు, ఇన్‌హేలర్ మానక్కర్లేదు. అయితే ముక్కులో పిచికారీగా వేసే, బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన ఫ్లూ టీకా ఒకటి ఉంది, రెండేళ్లు దాటినవాళ్లకి వేస్తారు. పిల్లికూతలు ఉన్న పిల్లలకి అది వద్దు. మీ పాపకి సూది టీకానే.

ఇక అసలు సంగతి. మీ ఇంట్లో జరిగిన తప్పు టీకా వేయించడం కాదు, సగంలో ఆపేయడం.

తొమ్మిదేళ్ల లోపు పిల్లలకి ఫ్లూ టీకా మొదటిసారి వేస్తున్నప్పుడు రెండు డోసులు కావాలి, మధ్య కనీసం 4 వారాలు ఎడం. చిన్నపిల్లల ఒంటికి ఈ వైరస్ కొత్త. మొదటి డోసు ఆ వైరస్ ఎలా ఉంటుందో పరిచయం చేస్తుందంతే, రక్షణ గట్టిపడేది రెండోదానితో. పెద్దవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఫ్లూ వచ్చిపోయి ఉంటుంది కాబట్టి ఒక్కటి చాలు. మొదటి ఏడాది రెండూ పూర్తయిన పిల్లలకి ఆ తర్వాత ఏటా ఒక్కటే. మీ పాపకి ఇప్పటిదాకా మొత్తం మీద ఒక్కటే పడింది, అందువల్ల ఈ ఏడాది మళ్లీ రెండు వేయించాలి. ‘పోయినసారి ఒకటి అయింది కదా, ఇప్పుడు ఇంకొకటి వేస్తే రెండు’ అని లెక్కకట్టకండి. బాబుకి ఎలాగూ రెండు. కాబట్టి ఇద్దరినీ ఒకేసారి తీసుకెళ్లవచ్చు, తేదీలు గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక.

మీ ఉత్తరం ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. ఇంతకన్నా మంచి సమయం లేదు. లెక్క చూడండి. మొదటి డోసు ఏప్రిల్ 25న పడితే రెండోది మే 23న. రెండోది వేశాక రక్షణ పూర్తిగా రావడానికి సుమారు రెండు వారాలు, అంటే జూన్ 6. బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో, వానలు మొదలయ్యేదీ అప్పుడే. మన దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో ఫ్లూ వానాకాలంలోనే విజృంభిస్తుంది, జులై నుంచి సెప్టెంబర్ దాకా. కశ్మీర్ లాంటి చోట్ల చలికాలంలో. విశాఖకి అక్టోబర్, నవంబర్ వానలూ తుపానులూ ఉంటాయి. తలుపులు బిగించుకుని అందరూ ఒకే గదిలో ఉండే రోజులవి, పడిశం ఒకరి నుంచి ఒకరికి చుట్టేసేదీ అప్పుడే.

ఒకవేళ ఏప్రిల్, మే దాటిపోతే? జూన్‌లో వేయించండి, ఆగస్టులో వేయించండి. ‘సీజన్ మొదలైపోయింది, ఇక ఎందుకులే’ అనుకోవద్దు. రెండో డోసుకి 28 రోజులకి తగ్గకూడదు, అంతే. ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, గుర్తొచ్చిన రోజు వేయించేయండి. చాలా ఇళ్లలో రెండోది తప్పిపోయేది భయంతో కాదు, వేసవి సెలవులతో. మే నెలాఖరుకి పిల్లలు శ్రీకాకుళంలోనో రాజమండ్రిలోనో అమ్మమ్మగారింట్లో ఉంటారు. అలాగైతే కార్డు వెంట పంపండి, అక్కడి పిల్లల డాక్టర్ దగ్గరే వేయించవచ్చు. మొదటిది ఏ కంపెనీదైతే రెండోదీ అదే ఉండాలన్న నియమం లేదు.

ఏటా ఎందుకు వేయించాలని ఇంటింటా అడుగుతారు. దీనికి రెండు కారణాలు. ఫ్లూ వైరస్ ఏటా కాస్త రూపు మార్చుకుంటుంది. టీకా ఇచ్చే రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రకటిస్తుంది. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి. మ్యాపులో మనం ఉత్తరార్ధగోళంలోనే ఉన్నా, మన ఫ్లూ వానలతో వస్తుంది కాబట్టి దక్షిణార్ధగోళం టీకా మనకి సరిగ్గా సమయానికి అందుతుంది. వేసవిలో మార్కెట్లోకి వచ్చేది అదే. డబ్బా మీద ఒకే సంవత్సరం ఉంటే దక్షిణార్ధగోళానిది, రెండు సంవత్సరాలు గీత పెట్టి ఉంటే ఉత్తరార్ధగోళానిది. కొత్తది వచ్చిందా అని డాక్టర్‌ని అడగండి. మే మధ్యకి కూడా రాకపోతే, గడువు మిగిలి ఉన్న స్టాకుతోనే మొదలుపెట్టండి. కొత్తదాని కోసం కూర్చుంటే వానలు వచ్చేస్తాయి.

నాలుగు రకాల వైరస్‌లకి పనిచేసే టీకాయా, మూడు రకాలదా అన్న చర్చకి ఇప్పుడు పెద్ద విలువ లేదు. ఆ నాలుగో రకం, బి వైరస్‌లో యమగాటా శాఖ, 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనబడలేదు. ఏది దొరికితే అది వేయించండి. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ రకం ఈ టీకాలోనే ఉంటుంది, దానికి వేరే ఇంజెక్షన్ లేదు.

పాపకి వచ్చిన జ్వరం గురించి. సూది ద్వారా వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. చంపేసిన వైరస్ ముక్కలు మాత్రమే ఉంటాయి. వాటితో ఫ్లూ రాదు. వేసిన రోజు సాయంత్రమో మర్నాడో వచ్చే వెచ్చదనం, సూది పడినచోట నొప్పి, ఎరుపు, కాస్త చిరాకు అన్నీ ఒళ్లు టీకాని గుర్తుపడుతున్న గుర్తులు. ఒకటి రెండు రోజుల్లో పోతాయి. మీ పాపకి ఆ రాత్రే వచ్చి ఎప్పుడు తగ్గిందో మీరు రాయలేదు. రెండు రోజుల్లో పోయి ఉంటే అది టీకా జ్వరమే, దాని గురించి మర్చిపోండి. జ్వరం రెండు రోజులు దాటినా, నాలుగో రోజున దగ్గు, పడిశంతో మొదలైనా అది టీకాది కాదు. బడిలోనో బస్సులోనో అంటుకున్న వేరే వైరస్ అయి ఉంటుంది. ఫ్లూ సోకాక జబ్బు పైకి తేలడానికి 1 నుంచి 4 రోజులు పడుతుంది. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. ఈ మధ్యలో ఫ్లూ వచ్చినా జనం టీకానే అంటారు.

జ్వరం మందు విషయంలో మాత్రం మేం కాస్త గట్టిగా చెప్పాలి. టీకా కంటే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. జ్వరం వస్తుందేమోనని ముందే పారాసిటమాల్ పోయకండి. జ్వరం వచ్చి పిల్ల నలతగా ఉంటేనే ఇవ్వండి. మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి: కిలోకి 15 మిల్లీగ్రాములు. మీ బాబు 10 కిలోలు ఉన్నాడనుకుంటే ఒక్కసారికి 150 మిల్లీగ్రాములు. ఇప్పుడు సీసా చూడండి. 5 ఎంఎల్‌కి 250 అని ఉంటే 3 ఎంఎల్. 5 ఎంఎల్‌కి 120 అని ఉంటే 6 ఎంఎల్. చిన్న డ్రాపర్ సీసాలో వచ్చే చుక్కల మందు 1 ఎంఎల్‌కి 100 అని ఉంటే 1.5 ఎంఎల్ మాత్రమే. ఒకే మందు, మూడు సీసాలు, మూడు కొలతలు. సిరప్ కొలత గుర్తుంచుకుని చుక్కల మందు అదే కొలతలో పోస్తే, 6 ఎంఎల్‌లో 600 మిల్లీగ్రాములు వెళ్తుంది. అంటే నాలుగు రెట్లు. ఇలా రెండు మూడుసార్లు పోస్తే కాలేయం దెబ్బతింటుంది. పాప 17 కిలోలు ఉంటే 250 సిరప్ 5 ఎంఎల్ సరిపోతుంది. డోసుకీ డోసుకీ మధ్య 4 నుంచి 6 గంటలు, రోజుకి నాలుగుసార్లకి మించకూడదు. వంటింటి చెంచాతో కాకుండా మందుతో వచ్చిన కొలమూతతోనో సూది లేని సిరంజితోనో కొలవండి. మీ పిల్లల అసలు బరువు క్లినిక్‌లో తూకం వేయించి, ఎంఎల్ లెక్క డాక్టర్‌ చేత కార్డు వెనక రాయించుకోండి. ఆస్పిరిన్ ఇవ్వనే వద్దు. ఫ్లూలో పిల్లలకి అది మెదడునీ కాలేయాన్నీ దెబ్బతీసే జబ్బు తేవచ్చు.

గుడ్డు. చాలా ఫ్లూ టీకాలు కోడిగుడ్లలో వైరస్‌ని పెంచి తయారుచేస్తారు, భయం అక్కడి నుంచి వచ్చింది. వాటిలో మిగిలే గుడ్డు ప్రొటీన్ చాలా స్వల్పం. మూతి చుట్టూ దద్దుర్లు వచ్చిన పిల్లలకే కాదు, గుడ్డుతో తీవ్రమైన అలర్జీ వచ్చిన వాళ్లకి కూడా ఇప్పుడు ఈ టీకా వేస్తున్నారు. వేసేచోట అలర్జీకి వాడే అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి, అది ఏ టీకాకైనా ఉండాల్సిందే. డాక్టర్‌కి ముందే చెప్పండి, వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ఎవరికి వేయకూడదంటే, గతంలో ఫ్లూ టీకా వేసినప్పుడే ఊపిరాడకపోవడం, ముఖం వాచిపోవడం, కుప్పకూలిపోవడం జరిగినవాళ్లకి. పాపకి అలాంటిదేమీ జరగలేదు కదా.

ముక్కు కారుతున్నా టీకా వేయించవచ్చు. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది పడిశాలు మామూలే. ఒకటి పోయి ఇంకోటి వచ్చేలోపు ఖాళీ దొరకాలంటే బాబుకి మీసాలు వచ్చేస్తాయి. ఒళ్లు కాలిపోతున్న జ్వరం, ఆయాసం, వాంతులతో నీరసించిపోవడం ఉంటే మాత్రం తగ్గేదాకా ఆగండి. బాబుకి 16 నెలలు నిండాక డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టరు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) రెండో డోసు వస్తాయి. ఫ్లూ టీకా వాటితో పాటు అదే రోజు వేరే తొడకి వేయవచ్చు, ముందూ వెనకా ఇన్ని రోజులు ఎడం ఉండాలన్న లెక్క లేదు. బాబుకి ఎప్పుడైనా జ్వరంలో ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి, ఏవి కలిపి వేయాలో అడగండి. ఫ్లూ టీకానీ న్యుమోనియా టీకానీ ఒకే రోజు వేస్తే ఈ వయసులో జ్వరపు ఫిట్స్ అవకాశం కొద్దిగా పెరుగుతుంది.

ఇక మీవారు తెచ్చేస్తానన్నది. దయచేసి ఆపండి, లేదా ఇది చదివించి పంపండి.

ఫ్లూ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, తయారైన దగ్గర్నుంచి తొడలోకి దిగేదాకా. మే నెల మధ్యాహ్నం కేజీహెచ్ డౌన్ నుంచి గాజువాక దాకా స్కూటర్ డిక్కీలో వచ్చిన సిరంజి చూడ్డానికి బాగానే ఉంటుంది. రంగు మారదు, వాసన రాదు, లోపల మందు చచ్చిపోయినా బయటికి తెలియదు. వేడి ఒక్కటే కాదు. జాగ్రత్త అనుకుని ఐసుముక్కల మధ్య గుచ్చి తెస్తే గడ్డకట్టి పాడవుతుంది. గడ్డకట్టింది మళ్లీ కరిగాక మామూలుగానే కనబడుతుంది, కానీ పారేయాల్సిందే. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో పెట్టడమూ అంతే, తలుపు తీసినప్పుడల్లా వేడి మారుతుంది. పై అరలో ఫ్రీజర్ పక్కన పెడితే గడ్డకడుతుంది.

డబ్బా కొంత తక్కువకి వచ్చినా ఆ వంద, రెండు వందల తేడాకి మొత్తం మందు పాడైపోతే మిగిలేది పిల్లకి పడిన సూదిపోటు మాత్రమే. కాబట్టి టీకాలు క్రమంగా వేసే, ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి రోజుకి రెండుసార్లు రాసుకునే క్లినిక్‌లోనే కొనండి, అక్కడే వేయించండి. రాసే పుస్తకం చూపించమని అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు. క్లినిక్‌లో లేక తప్పనిసరిగా బయట కొనాల్సి వస్తే, డాక్టర్ సమయం ముందే ఖాయం చేసుకుని వేయించే గంటకి కొనండి. మూత ఉన్న థర్మోస్ డబ్బా తీసుకెళ్లండి. ఐస్‌ప్యాక్‌ని ఫ్రీజర్ నుంచి తీసి, మీద చెమ్మ పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడేదాకా బయట ఉంచాక వాడండి. టీకా డబ్బాని కాగితంలో చుట్టి, ఐస్‌కి నేరుగా తగలకుండా పెట్టండి. తుపాను వచ్చి కరెంటు రోజంతా లేని వారంలో ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, ‘జనరేటర్ ఉందా, థర్మామీటర్ ఎంత చూపించింది’ అని అడగండి. హుద్‌హుద్ చూసిన ఊరు మనది, 2014లో కరెంటు లేకుండా ఎన్ని రోజులున్నామో అందరికీ గుర్తే.

వేసే ముందు నిమిషం పాటు డబ్బా చేతిలోకి తీసుకోండి. గడువు తేదీ, సంవత్సరం, ఎన్ని నెలల వయసు నుంచి వేయవచ్చో, డోసు ఎంతో చూడండి. పాత టీకాల్లో మూడేళ్ల లోపు వాళ్లకి 0.25 ఎంఎల్ ఇచ్చేవారు. ఇప్పుడు చాలా కంపెనీలవి ఆరు నెలల నుంచే 0.5 ఎంఎల్. మీకు ఇచ్చే బ్రాండు కాగితంలో ఏముందో అదే వేయాలి. ఒక ముందే నింపిన సిరంజి ఒక్క పిల్లకే. ‘ఇద్దరు పిల్లలే కదా, చెరి సగం’ అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. అలా వేస్తే ఇద్దరికీ డోసు సరిపోదు, పైగా ఒకరి రక్తం ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉంది.

బాబుకి తొడ ముందువైపు బయటి అంచున, పాపకి భుజం కండలో వేస్తారు. పిరుదుల మీద వేయబోతే వద్దనండి. అక్కడ కొవ్వు ఎక్కువ, కింద నరం ఉంది. బాబుకి పాలు పడుతూ వేయిస్తే ఏడుపు తగ్గుతుంది. డబ్బా మీది బ్రాండు, బ్యాచ్ నంబర్ స్టిక్కర్ కార్డులో అతికించుకుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అప్పుడే పక్కన రెండో డోసు తేదీ రాయించి, ఇంటికి రాగానే వంటింట్లో పాలవాడి లెక్క రాసే క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టండి.

టీకా వేశాక పడిశం రాదా? వస్తుంది. ఇది ఫ్లూకి టీకా, అన్ని పడిశాలకీ కాదు. ఆర్‌ఎస్‌వీ, రైనో, అడినో లాంటి వైరస్‌ల మీద దీని ప్రభావం లేదు. ఫ్లూ మీద కూడా, రకాలు బాగా కలిసిన ఏడాదిలో వైద్యుడి దగ్గరికి పోవాల్సిన జబ్బుని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తుంది. నూటికి నూరు అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. వచ్చినా ముదరకపోవడం, ఆస్పత్రి దాకా వెళ్లకపోవడమే దీని పెద్ద లాభం. మీ పాపకి కావాల్సింది సరిగ్గా అదే.

అయినా ఇవి కనబడితే ఆలస్యం చేయకండి. ఊపిరి లెక్కపెట్టండి, పిల్ల నిద్రపోతున్నప్పుడో ప్రశాంతంగా ఉన్నప్పుడో, పూర్తి నిమిషం. ఏడాది నుంచి అయిదేళ్ల పిల్లలకి నిమిషానికి 40 లేదా అంతకన్నా ఎక్కువైతే, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50 లేదా అంతకన్నా ఎక్కువైతే అది వేగమే. డొక్కలు లోపలికి పోవడం, పెదాలు నీలం రంగుకి తిరగడం, పాలు గానీ నీళ్లు గానీ మింగలేకపోవడం, పిలిచినా పలకనంత మగత, ఫిట్స్, రోజంతా మూత్రం సరిగ్గా పోకపోవడం, జ్వరం తగ్గి రెండు రోజులకి మళ్లీ ఎక్కువగా రావడం. ఇందులో ఏది కనబడినా దగ్గర్లోని ఆస్పత్రికే వెళ్లండి, ఊరు దాటి పెద్దాసుపత్రి వెతుక్కోవద్దు. ఫ్లూకి పనిచేసే ఒసెల్టమివిర్ అనే మందు జబ్బు మొదలైన 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, అదీ డాక్టర్ రాస్తేనే. మందుల షాపులో యాంటీబయాటిక్ అడగకండి, వైరస్‌కి అది పనిచేయదు. మరిగే గిన్నె ముందు చిన్నపిల్లని కూర్చోబెట్టి ఆవిరి పట్టకండి, ఫ్లూ కన్నా ఆ కాలడం పెద్ద జబ్బు. ఏడాది లోపు పిల్లకి తేనె నాకించకండి.

మీ తోటికోడలు తప్పకుండా వేయించుకోవచ్చు, సూది టీకా ఏ నెలలోనైనా. గర్భిణులకి ఫ్లూ వస్తే మిగతావాళ్లకన్నా గట్టిగా తగులుతుంది. పైగా పుట్టబోయే బిడ్డకి ఆరు నెలల దాకా టీకా వేయలేం, ఆ నెలల్లో బిడ్డకి దొరికేది తల్లి నుంచి వచ్చిన రక్షణే. ముక్కులో వేసే టీకా మాత్రం గర్భిణులకి వద్దు. మీ అత్తగారికి షుగర్ గానీ ఉబ్బసం గానీ ఉంటే ఆవిడా వేయించుకోవాలి, పెద్దవాళ్లకి ఏడాదికి ఒక్కటే డోసు. మనవల్నీ మనవరాళ్లనీ ఎత్తుకునే పెద్దల నుంచి కూడా ఇంట్లో పసివాళ్లకి జబ్బు చుట్టుకోవచ్చు. ఈ మాట ఆవిడకి మీరు చెబితే బాగోదు, కొడుకు చేత చెప్పించండి.

స్నానం చేయించవచ్చు. తలస్నానం కూడా. సూది పడినచోట మాత్రం నూనె పెట్టి రుద్దకండి, వేడి కాపడం పెట్టకండి. గట్టిగా ఉబ్బి నొప్పిగా ఉంటే చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ పది నిమిషాలు వేయండి. మర్నాటికి వాపు పెరుగుతూ పోతున్నా, ఎర్రదనం పాకుతున్నా డాక్టర్‌కి చూపించండి. చిన్న గడ్డలా తగిలి కొన్నాళ్లుంటే దాన్ని నొక్కుతూ పరీక్షించకండి, అదే కరిగిపోతుంది.